మూడో పిలుపు

వాసు బ్లాగు పెట్టి ఏడాది దాటినా దాన్ని చదివేవాళ్ళు ముగ్గురే. ఒకరు వాసు. రెండోవాడు అవనిగడ్డలో అతనితో కలిసి నెట్ సెంటరు నడిపే దుర్గాశ్రీనివాస్, అదీ మొహమాటం కొద్దీ. మూడో మనిషి గుడివాడ గోవర్ధనరావు గారు. ఆయన తెలుగులో ఎవరు ఏం రాసినా చదివేవారు కాబట్టి ఆయన్ని లెక్కలోకి తీసుకోవడం న్యాయం కాదు. పేజీ అడుగున ఎంతమంది వచ్చి చూశారో చూపించే అంకె ఒకటి ఉండేది. అది పెరిగిందంటే వాసు తన పేజీని తనే ఇంకోసారి తెరిచాడన్నమాట.

రెండువేల ఎనిమిది నాటి సంగతి. తెలుగులో బ్లాగులు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. వంటలవాళ్ళు వంటలు, కోపాలవాళ్ళు కోపాలు రాసుకుంటుంటే వాసు మాత్రం ‘తిప్ప కబుర్లు’ అని పేరు పెట్టుకుని, పాలకాయతిప్ప దగ్గర ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని తన ఊరి గురించి రాసేవాడు. తమాషా ఏమిటంటే ఆ ఊరిని అతను చూడనే లేదు. డెబ్భై ఏడు ఉప్పెనలో ఊరు ఊరంతా కొట్టుకుపోయాక, మిగిలినవాళ్ళకి కట్టించిన కాలనీలో పుట్టాడు. పడవెక్కితే కడుపులో తిప్పుతుంది గనక వలల జోలికి పోకుండా బందరులో డిగ్రీ చదివి కంప్యూటర్ల ముందు కూర్చున్నాడు. చూడని ఊరి మీద అంత బెంగేమిటో. ఇంట్లో ఎవరూ ఆ ఊరి మాట ఎత్తకపోవడం వల్లే ఆ బెంగ పట్టుకుందేమో.

తన కన్నా ముందు పుట్టిన అక్క ఒకతి ఉండేదనీ, పేరు నాగమల్లేశ్వరి అనీ, ఆరేళ్ళప్పుడు ఉప్పెనలో పోయిందనీ, శవం దొరకలేదనీ అతనికి తెలుసు. ఆ కాస్తయినా తండ్రి ధనరాజు పోయేముందు ఒకసారి చెప్పాడు గానీ తల్లి పున్నమ్మ నోటివెంట ఒక్క ముక్క రాలేదు. ఫొటో లేదు, గౌను ముక్క లేదు. ఎక్కడో ఎవరో ఆ ఊరి మనిషి ఒకరు తన రాతలు చదివి, మీ ఇల్లు నేనెరుగుదును, మీ అక్కను నేను చూశాను అంటారని వాసు ఆశ. బ్లాగు పెట్టింది అందుకే. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

పున్నమ్మ అవనిగడ్డ మార్కెట్టులో ఎండుచేపలు అమ్మేది. బేరంలో గట్టి మనిషి. కాలనీలో మాత్రం ఆమెకో చెడ్డపేరుంది, పిలిస్తే చాలు పలుకుతుందని. ఇదేం చెడ్డపేరు అనకండి. ఆ కాలనీలో చీకటి పడ్డాక బయటి నుంచి ఎవరన్నా పిలిస్తే మొదటి పిలుపుకి పలకరు. రెండో పిలుపుకీ పలకరు. మూడోసారి పిలిస్తేనే మనిషి. నీళ్ళలో పోయినవాళ్ళు రెండుసార్లే పిలవగలరట, మూడోదానికి వాళ్ళకి గొంతు రాదట. తొందరపడి పలికామా, ఇక వాళ్ళ వెంట పోవాల్సిందేనట. సొంత మొగుడు సముద్రం మీద నుంచి వచ్చి తలుపు తట్టినా మూడు పిలుపులూ అయ్యేదాకా వానలో నిలబడాల్సిందే.

పున్నమ్మ పద్ధతి వేరు. పిలుపు పూర్తి కాకముందే “ఆఁ, వస్తన్నా” అంటూ బయటికి పరిగెత్తేది. పిల్లలకి అదో ఆట. గోడ చాటు నుంచి “పున్నమ్మత్తా” అని అరిచి దాక్కునేవాళ్ళు. ఆమె చేతిలో గరిటె చేతిలోనే ఉండగా వచ్చి, వీధిలో అటూ ఇటూ చూసి, ఒక్క తిట్టయినా తిట్టకుండా లోపలికి వెళ్ళేది. ఇంటి తలుపుకి ఏ రాత్రీ గడియ పెట్టేది కాదు. చిన్నప్పుడు వాసు సిగ్గుతో చితికిపోయేవాడు. ఆ సిగ్గువల్లే కాబోలు, అతను కాలనీ పద్ధతిని అందరికన్నా గట్టిగా పట్టుకున్నాడు. పట్టపగలు సెల్‌ఫోను మోగినా మూడోసారి మోగితే గానీ ఎత్తడు.

పోటీ సలహా గోవర్ధనరావు గారిదే. ఆయన రిటైరయ్యాక ముదినేపల్లి దగ్గర పొలాలు చేపల చెరువులకిచ్చేసి గుడివాడలో ఖాళీగా కూర్చుని బ్లాగు రాస్తూ పెద్ద పేరు సంపాదించిన మనిషి.

“ఏమోయ్ వాసూ, నువ్వు బానే రాస్తావయ్యా. కానీ జనం ఊరికే ఎందుకొస్తారు? పోటీ పెట్టు” అన్నారు ఫోనులో. “మొన్న మా ఇంట్లో పెట్టిన ఆవకాయ జాడీ ఒకటి బహుమతిగా ఇస్తానన్నాను. మా ఆవిడ రావమ్మ తిట్టిందనుకో. కానీ ఎన్ని వ్యాఖ్యలొచ్చాయో చూశావుగా? బహుమతంటే చచ్చినవాడు కూడా లేచొస్తాడు.”

వాసుకి మాట నచ్చింది. పెడన వెళ్ళి మంచి కలంకారీ చీర తెచ్చాడు. ఎర్రటి నేల, అంచు పొడుగునా నీలం తీగలు. ఇంట్లో విప్పి చూపిస్తే పున్నమ్మ చేతులు కడుక్కుని వచ్చి మరీ ముట్టుకుంది.

“ఎవరికిరా?”

“ఎవరు గెలిస్తే వాళ్ళకి.”

“ఎవరో తెలీకుండానే కొన్నావా?” అని నవ్వి, మడత పెట్టి ఇచ్చింది.

మర్నాడు తిప్ప కబుర్లలో పోటీ టపా పడింది. ‘మీ ఊళ్ళో ఒకప్పుడు ఉండి, ఇప్పుడు లేనిది ఒక్కటి చెప్పండి. మా మనసుకి తగిలిన జవాబుకి పెడన కలంకారీ చీర, కిలో బందరు లడ్డు.’ కింద నిబంధనలు రాస్తూ రాస్తూ వాసుకి ఒక చమత్కారం తోచింది. పేరు చెప్పకుండా రాసేవాళ్ళని ఆ పేజీ ‘అజ్ఞాత’ అని చూపిస్తుంది. వాళ్ళలో తిట్టేవాళ్ళే ఎక్కువ కాబట్టి, ఏ వ్యాఖ్యయినా ముందు వాసు చదివి సరేనంటేనే పైకి కనపడేలా పెట్టుకున్నాడు. అందుకని చివర్న ఇలా రాశాడు: ‘అజ్ఞాతలకు మనవి. మా తీరంలో పేరు చెప్పనివాళ్ళు మూడుసార్లు పిలిస్తే గానీ పలకం.’ ఆ పద్ధతి వెనక ఉన్న కథ కూడా నాలుగు ముక్కల్లో చెప్పాడు.

ఆ ఒక్క వాక్యం జనానికి తెగ నచ్చేసింది. గోవర్ధనరావు గారు తన బ్లాగులో దాన్ని ఎత్తి చూపించారు. రెండు రోజుల్లో అంకె పరుగు అందుకుంది. బందరు నుంచి ఒకాయన రేవులో ఆగిపోయిన ఓడకూత గురించి రాశాడు. మస్కట్‌లో ఉన్న మనిషెవరో మా ఊళ్ళో వరిచేలు లేవు, అన్నీ చేపల చెరువులే, ఇప్పుడు కప్పల అరుపు కూడా మారిపోయిందన్నాడు. గుడివాడ ఆవిడ ఒకరు డేరా సినిమాహాలుని తలచుకుంది. అజ్ఞాతలు కొందరు సరదాకి ‘పలకండి బాబూ’ అని వరసగా మూడుసార్లు రాసేవాళ్ళు, వాసు మూడోదాన్ని పైకి పంపి ‘ఆఁ, పలికాం’ అని జవాబిచ్చేవాడు. ఏడాదిగా ఎవరూ తొంగిచూడని వాకిట్లో అంతమంది గోల చేస్తుంటే అతనికి కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆ సందడిలో ఒక మధ్యాహ్నం ఈ వ్యాఖ్య వచ్చింది. పేరు అజ్ఞాత.

‘మా ఇంటి తలుపు. పడవకి వేసిన నీలం రంగే వేశారు. అమ్మ లోపలే ఉంది.’

బాగుందే అనుకున్నాడు వాసు. అంతమంది రాసినదాంట్లో ఇదొక్కటే మనసులో ఎక్కడో గుచ్చుకుంది. కానీ నిబంధన నిబంధనే, ఇంకో రెండుసార్లు రాయనీ చూద్దాం అని పక్కన పెట్టాడు.

కొన్నాళ్ళకి రెండోది వచ్చింది. బయట కార్తీకమాసపు ముసురు పట్టి, వీధిలో పట్టపగలే లైట్లు వేసుకున్నారు.

‘అమ్మా, నేనే. తలుపు తియ్యి. చీర నాకు పొడుగవుద్ది.’

వాసు దాన్ని రెండుసార్లు చదివి, కుర్చీ వెనక్కి జరిపి, దుర్గాశ్రీనివాస్‌ని పిలిచాడు. వాడు భుజం మీదుగా వంగి చూసి ఇకిలించాడు.

“నువ్వు దెయ్యం కథ చెప్పావు, ఎవడో నీకే తిప్పి కొడుతున్నాడురా. ఎక్కణ్ణుంచో చూడు.”

చదివేవాళ్ళు ఏ ఊరి నుంచి వస్తున్నారో చూపించే పటం ఒకటి పేజీకి పక్కన ఉండేది. హైదరాబాదు మీద ఎర్రచుక్క, బెంగుళూరు మీద చుక్క, మస్కట్ మీద చుక్క. వాసు దాన్ని పెద్దది చేసి కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి తెచ్చాడు. అవనిగడ్డ మీద చుక్క ఉంది, అది వాళ్ళదే. దానికి దక్షిణాన, నేల అయిపోయాక, నీళ్ళలో ఇంకోటి ఉంది.

“సముద్రంలో కూడా బ్రాడ్‌బ్యాండు ఇచ్చారేంట్రా?” అన్నాడు దుర్గాశ్రీనివాస్. అన్నాడు గానీ, ఆ తర్వాత ఆ కంప్యూటరు ముందు కూర్చోమంటే నడుం నొప్పన్నాడు.

వాసు ‘సరే’ అన్న మీట మీద వేలు పెట్టి, తీసేశాడు. మూడోసారి రానీ. ఎగతాళి చేసేవాడయితే ఊరుకోడు, తప్పకుండా రాస్తాడు. అప్పుడు పైకి పంపి నాలుగు చీవాట్లు పెడదాం. ఇలా తనకి తను నచ్చచెప్పుకున్నాడు. అసలు సంగతి, భయమేసింది.

మూడోది రాలేదు. పోటీ గడువు ముగిసింది.

ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద పున్నమ్మ సావిళ్ళనే ఎండుచేపలు ఏరి కట్టలు కడుతోంది. వాసు పక్కన చతికిలపడ్డాడు. ఎవరికివ్వాలో తేలడం లేదని కబుర్లు మొదలుపెట్టి, ఓడకూత గురించి చెప్పాడు, కప్పల గురించి చెప్పాడు.

“ఒకళ్ళు భలే రాశారమ్మా. పేరు లేదు. వాళ్ళింటి తలుపుకి పడవ రంగు వేశారంట, నీలంది.”

పున్నమ్మ చెయ్యి కట్ట మీద ఆగింది.

“ఇంకేమంది?”

“అంది అంటావేంటి, ఆడో మగో తెలిస్తేగా.”

“ఇంకేమందిరా?”

చెప్పాడు. అమ్మ లోపలే ఉందన్న మాట చెప్పాడు. చీర పొడుగవుద్దన్న మాట కూడా చెప్పాడు. ఆమె మొహం చూడటానికి అతనికి ధైర్యం చాల్లేదు.

“ఎన్నిసార్లు పిలిచింది?”

“రెండుసార్లే. మూడోసారి రాస్తే వేద్దామని...”

“నువ్వు పలకలా?”

అంత మెల్లగా తల్లి ఎప్పుడూ మాట్లాడి ఎరగడు. “పలకలేదమ్మా” అన్నాడు.

పున్నమ్మ సావిళ్ళ కట్ట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, వీధి వంక చూస్తూ చెప్పింది. ఏడవలేదు. ఎన్నో ఏళ్ళుగా లోపల్లోపల చెప్పుకుని అరిగిపోయిన మాటలవి.

“ఆ తలుపు మీ నాన్న చేసిందే. పడవకి వేయగా మిగిలిన రంగు పూశాడు. ఆ రోజు పొద్దున్నే పడవ గట్టుకి లాగాలని పోయాడు. పిల్ల మా అమ్మోళ్ళ ఇంటికి పోయింది, నాలుగు గుడిసెల అవతల. సాయంత్రానికే చిమ్మచీకటి. ఆ గాలి నువ్వు ఎరగవు. లోపల నేనూ, మీ నాయనమ్మ అచ్చమ్మా ఉన్నాం. తలుపవతల ‘అమ్మా’ అని వినపడింది. లేచాను. మీ నాయనమ్మ నా చెయ్యి పట్టేసింది. ‘పలక్కు. ఇయ్యాళ నీళ్ళమీద ఎన్ని తిరుగుతున్నాయో. మూడోసారి రానీ’ అంది. నేను నిలబడ్డాను. మళ్ళీ పిలిచింది. ‘అమ్మా, నేనే, తలుపు తియ్యి’ అంది. గొంతు దానిదేరా. దానిదేనని నాకు తెలుసు. అయినా మూడో పిలుపు కోసం నిలబడ్డాను.”

పక్కన పెట్టిన కట్టని మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

“నీళ్ళొచ్చినయ్. తలుపు, గోడ అన్నీ ఒక్కసారే పోయినయ్. నేను తుమ్మచెట్టుకి చిక్కుకుని బతికాను. మీ నాయనమ్మ పోయింది. ఈ మాట మీ నాన్నకి కూడా చెప్పలా.”

తల్లి మొదటి పిలుపుకే ఎందుకు పరిగెత్తేదో, తలుపుకి గడియ ఎందుకు పెట్టేది కాదో వాసుకి అన్నీ ఒక్కసారే తెలిశాయి. చిన్నప్పుడు గోడ చాటు నుంచి పిలిచిన పిల్లల్లో ఒకట్రెండుసార్లు తను కూడా ఉన్నాడు. ఆ రోజు ఆ నీలం తలుపవతల నుంచి వచ్చిన మాటలు తెలిసిన మనిషి ఈ భూమ్మీద తల్లి తప్ప ఎవరూ లేరు. ఉంటే ఒక్కతే ఉండాలి.

పొద్దున్నే మొదటి బస్సుకి తల్లీ కొడుకూ అవనిగడ్డ చేరారు. పున్నమ్మ జీవితంలో మొదటిసారి నెట్ సెంటరు లోపలికొచ్చి, ప్లాస్టిక్ కుర్చీ అంచు మీద కూర్చుంది. వాసు రెండు వ్యాఖ్యల్నీ పైకి పంపాడు. తెర మీద ఆ అక్షరాలు వేలితో చూపించి చదివాడు. ఆమెకి చదువు రాదు. అయినా ఆ రెండు వరసల్నీ చాలాసేపు చూసింది.

“ఇప్పుడు నువ్వేం చెప్తావో చెప్పమ్మా, రాస్తాను.”

“ఆఁ అమ్మా, పలికాను. తలుపు తీసే ఉంది. రా.”

వాసు అదే రాశాడు. కింద తన మాట కూడా చేర్చాడు: ‘నేను నీ తమ్ముణ్ణి, వాసుని. నువ్వు వెళ్ళాక పుట్టాను. అవనిగడ్డ బస్టాండు ఎదురు సందులో, ఎరువుల కొట్టు పక్కన మా సెంటరు. బహుమతి నీదే. వచ్చి తీసుకో.’

మధ్యాహ్నానికి గోవర్ధనరావు గారి ఫోను వచ్చింది. వాసు మూడోసారి మోగేదాకా ఆగకుండా ఎత్తాడు. జరిగినదంతా చెప్పాడు.

“ఆ పటంలో చుక్కల్ని నమ్మకు వాసూ. నేను గుడివాడలో కూర్చుని రాస్తే నా చుక్క ఒంగోలులో పడుతుంది. అదికాదయ్యా నేననేది. ఆ రోజుల్లో దిక్కులేని పిల్లల్ని ఎవరెవరో లారీల్లో ఎక్కించుకుపోయారు. ఎక్కడ పెరిగారో, ఏ పేరుతో పెరిగారో ఎవరికెరుక? ఆరేళ్ళ పిల్లకి ఊరి పేరు గుర్తుండకపోవచ్చు, తలుపు రంగు గుర్తుంటుంది. బతికుందేమో ఆలోచించు.”

ఈ మాటతో వాసుకి అన్నం సయించలేదు. దెయ్యమైతే భయపడి ఊరుకోవచ్చు. మనిషైతే? ఎక్కడో ఏ ఇంటి మూలనో కూర్చుని, ధైర్యం కూడగట్టుకుని ఒకసారి రాసి, జవాబు రాక, మళ్ళీ ఒకసారి రాసి, ఇక్కడ కూడా తలుపు తీయరని వెళ్ళిపోయిందేమో. నవ్వులాటకి రాసిన ఒక్క వాక్యంతో, అమ్మ చేసిన పనే తనూ చేశాడు. అమ్మకి కనీసం ఉప్పెన అడ్డమొచ్చింది. తనకి ఏమొచ్చింది? తన మీద తనకే అసహ్యం వేసింది.

జవాబు రాలేదు. మిగతా పోటీదారులు మాత్రం ఊరుకోలేదు. అజ్ఞాతకి చీరేమిటి, ఇదంతా నాటకం, బహుమతి ఎగ్గొట్టే ఎత్తు అని తిట్టిపోశారు. తిట్ల వల్ల అంకె ఇంకా పెరిగింది. వాసు దానివైపు చూడటం మానేశాడు.

పున్నమ్మ చేపల గంపని మార్కెట్టు నుంచి సెంటరు మెట్ల మీదికి మార్చింది. పిల్ల వస్తే సందులో వెతుక్కోకూడదని ఆమె ఉద్దేశం. హాల్ టిక్కెట్ల కోసం వచ్చిన కాలేజీ పిల్లలు ముక్కులు మూసుకుని వెనక్కి పోతుంటే దుర్గాశ్రీనివాస్ పళ్ళు నూరుకున్నాడు గానీ పైకి “పెద్దమ్మా, కాస్త పక్కకి జరుపు” అన్నదానికి మించి ఏమీ అనలేకపోయాడు.

ఒకరోజు వాసు బీరువాలో చూస్తే చీర లేదు.

“కుమారి దగ్గరిచ్చాను” అంది పున్నమ్మ. కుమారి కాలనీలో మిషను కుట్టే పిల్ల. “పరికిణీ, జాకెట్టు కుట్టమన్నాను.”

“అమ్మా, బతికుంటే ఇప్పుడు అక్కకి ముప్పై ఏడేళ్ళు! పరికిణీ ఏం చేసుకుంటది?”

“పొడుగవుద్దని చెప్పిందిగా” అంది పున్నమ్మ, కొడుక్కి ఇంత తెలివితక్కువేమిటన్నట్టు.

పరికిణీ వచ్చింది. ఎర్రటి నేల, కింద నీలం తీగల అంచు. వాసు నడుం దాకా కూడా రాదు. దాన్ని కాగితంలో చుట్టి పున్నమ్మ రోజూ తనతో తెచ్చేది.

ఒక ఆదివారం దుర్గాశ్రీనివాస్ చుట్టాల పెళ్ళికని బందరు వెళ్ళాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్యూటర్లు కాసేపు కూతపెట్టి ఆరిపోయాయి. ఎండ మొహాన కొడుతోందని వాసు షట్టరు మోకాళ్ళ ఎత్తుకి దించి, తల్లిని లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒళ్ళో పొట్లం పెట్టుకుని పున్నమ్మ నిద్రపోయింది. ఆకు కదిలినా లేచే మనిషి, నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లలా ఒళ్ళు మరిచి నిద్రపోయింది.

“తమ్ముడూ.”

షట్టరు అవతలే. గట్టిగా అరిచింది కాదు, చాటుగా పిలిచిందీ కాదు. ఎప్పుడూ పిలిచే మనిషి పిలిచినట్టుంది.

వాసు లేవబోయి ఆగాడు. ఇంతప్పటి నుంచి నేర్చిన పద్ధతి నాలుకని పట్టేసింది. బయట పట్టపగలు, ఎండ కాస్తోంది, అయినా అంతే. షట్టరు కింది సందులో రోడ్డు కనపడుతోంది. అక్కడ కాళ్ళు లేవు. తల్లి వంక చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఈ పిలుపు కోసమే పరిగెత్తిన మనిషి కదల్లేదు. ఈసారి పలకవలసింది తనే. ఇంకొక్కసారి పిలుస్తుంది. ఆ తర్వాత ఇక పిలవదు.

“ఆఁ, అక్కా” అన్నాడు వాసు. “వస్తన్నా.”

షట్టరు పైకెత్తాడు. వీధిలో ఎవరూ లేరు. ఎరువుల కొట్టు మూసి ఉంది. ఆటోలో కాళ్ళు బయటికి పెట్టి ఒకడు పడుకున్నాడు. వాసు కొంచెంసేపు అలాగే నిలబడి, ఇరుకు గుమ్మంలో ఎవరికైనా దారిచ్చినట్టు ఒక పక్కకి ఒదిగాడు.

“లోపలికి రా అక్కా. అమ్మ ఇక్కడే ఉంది.”

మోచేతిని రాసుకుంటూ చల్లగా ఏదో పోయింది. ఉప్పు వాసన వేసింది.

“ఎంతసేపు నిలబడ్డావే తల్లీ” అంది వెనక నుంచి పున్నమ్మ. “అయ్యయ్యో, ఎట్లా తడిసిపోయావో చూడు. రా, తల తుడుస్తాను.”

వాసు వెనక్కి తిరగలేదు. తల తుడుస్తున్న చప్పుడు వినపడుతోంది. కొంగుతో మెల్లగా, జడ చివర్లు పిండుతూ, తొందరేమీ లేకుండా తుడుస్తోంది. మధ్యమధ్యలో పున్నమ్మ ఏదో అడుగుతోంది, జవాబు విని “ఊఁ” అంటోంది. ఆ జవాబులు మాత్రం అతనికి వినపడలేదు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా అక్కణ్ణుంచి పారిపోవాలనిపించలేదు.

కరెంటు వచ్చాక తిరిగి చూశాడు. పున్నమ్మ పైట కొంగు తడిసి ముద్దయి, కుర్చీ కింద మడుగు కట్టింది. ఒళ్ళో పొట్లం విప్పి ఉంది. కాగితమే ఉంది.

“పద, ఇంటికి పోదాం” అంది. గంప కూడా ఎత్తుకోలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో చేతులు వదులుగా చుట్టి పెట్టుకుంది. కండక్టరు రాగానే “రెండు టిక్కెట్లు, ఒక అర టిక్కెట్టు” అంది.

“పిల్లేదమ్మా?”

“ఒళ్ళో కూర్చుందిగా బాబూ.”

కండక్టరు ఆమె ఒళ్ళోకి చూసి, వాసు మొహంలోకి చూశాడు.

“ఇవ్వండి సార్” అన్నాడు వాసు. “ఒక అర టిక్కెట్టు.”

కోడూరు దాటాక వాసు ఉండబట్టలేక అడిగాడు. “పలికితే వాళ్ళ వెంట పోవాలంటారు కదమ్మా?”

“వెంట తెచ్చుకున్నాంగా” అంది పున్నమ్మ.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పిల్లలు గోడ చాటు చేరారు. “పున్నమ్మత్తా!” అని అరుపు వినపడింది. పొయ్యి దగ్గర పున్నమ్మ తలెత్తలేదు. ఇంకోసారి అరిచారు. వాసు తల్లి వంక చూశాడు.

“మూడోసారి పిలవనీలే” అంది ఆమె, కూర కలుపుతూ. బయట పిల్లలు కాసేపు తెల్లబోయి నిలబడి, ఆట తప్పిందని వెళ్ళిపోయారు.

అన్నాలయ్యాక పున్నమ్మ కంచాలు తీసింది. మూడు కంచాలు. మూడోదాంట్లో అన్నం కొంచెమే పెట్టింది, అది కూడా సగం మిగిలింది. తర్వాత వీధి తలుపు దగ్గరగా వేసి, తుప్పు పట్టి బిగుసుకుపోయిన గడియని రాయితో కొట్టి కదిలించి పెట్టింది.

“ఇంకెవరి కోసం తీసి ఉంచాలి? అందరం లోపలే ఉన్నాం” అంది.

వాసు చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. తను పుట్టాక ఆ ఇంట్లో గడియ చప్పుడు వినడం అదే మొదటిసారి.